రేడియేటర్‌లో అక్షతలు

నేను బండి నడపలేదు. పదిహేడేళ్లు బండ్లకు నీళ్లు చూశాను. ఛత్తీస్‌గఢ్‌లో రిసాలి దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడికి మూడు పాత వ్యాన్లు ఉండేవి. వాటి షెడ్డు చూసుకోవడం నా పని. డ్రైవర్లకన్నా ముందు వెళ్లి తాళం తీసి, రేడియేటర్లలో నీళ్లు, ఇంజన్లలో ఆయిలు, టైర్లలో గాలి చూసి, సీట్లు తుడిచి, గోడమీది పలకపై టిక్కు పెట్టాలి. పదవీ విరమణ అన్న పెద్ద మాట ఈ ఉద్యోగానికి నప్పుతుందో లేదో తెలియదు. మోకాళ్లు మొరాయించాక మానేశాను, అంతే.

ఇక్కడి మన తెలుగువాళ్ల పత్రికలో కుర్రవాళ్ల కోసం ఏదైనా రాయమని అడిగినప్పుడు మంచి సంగతులే ముందు గుర్తుకొచ్చాయి. భగవంతుడి దయవల్ల అవి తక్కువేమీ కాదు. వాటిని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. మీలో చాలామందికి తెలుగుకన్నా హిందీ చదవడం తేలికని నాకు తెలుసు. కాని నాకు రాయడం వచ్చిన భాష ఇదొక్కటే, కొంచెం ఓపిక పట్టండి.

నేను బడికి వెళ్లలేదు. అమ్మకు ఆయాసం, ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి కావాలి. నాన్న ఉక్కు ప్లాంటు గరాజులో పని చేసేవారు. షిఫ్టు దిగి వచ్చాక సెక్టర్ 4 క్వార్టరు వరండాలో నన్ను కూర్చోబెట్టుకుని, దేవుడి పుస్తకం మీద నా వేలు పెట్టి అక్షరాలు నేర్పారు. అక్షరాలతో పాటు ఇంజన్ కూడా నేర్పారు, ఆయనకు తెలిసిన చదువు అది. ఇంజన్ లోపల పుట్టిన వేడిని నీళ్లు మోసుకొచ్చి రేడియేటర్‌లోని సన్న గొట్టాల గుండా దిగుతాయి, ముందు నుంచి వచ్చే గాలికి చల్లబడి మళ్లీ లోపలికి పోతాయి. ఆ గొట్టాల్లో అగ్గిపుల్ల కూడా సరిగా దూరదు. వాటికి ఏదీ అడ్డం పడకూడదు. ఈ మాట నాకు పదేళ్ల వయసు నుంచి తెలుసు. అందుకని, తెలియక చేశానని ఇక్కడ రాసుకునే అవకాశం నాకు లేదు.

షెడ్డులో ప్రతి శుక్రవారం చిన్న పూజ చేసేదాన్ని. ఎవరూ చెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. మన ఊళ్లో విశ్వకర్మ పూజనాడు ప్రతి గరాజులోనూ బండ్లకు బొట్లు పెట్టి దండలు వేస్తారు కదా. ఏడాదికి ఒక్కరోజు చాలదని నాకు అనిపించేది. పిల్లలు ఎక్కే బండ్లు. ఒక ఇత్తడి చెంబులో నీళ్లు పోసి, పసుపు, కుంకుమ, నాలుగు అక్షతలు, ఒక తులసి రెమ్మ వేసి, మూడు బండ్ల ముందు పెట్టి, అందరూ క్షేమంగా ఇల్లు చేరాలని దండం పెట్టుకునేదాన్ని.

పూజ అయ్యాక ఆ నీళ్లు ఏం చెయ్యాలి? కలశం నీళ్లు కాళ్లు పడేచోట పారబోయకూడదు. ఇంట్లో అయితే చెట్టు మొదట్లో పోస్తాం. షెడ్డులో చెట్టు లేదు, మట్టి కూడా లేదు. అంతా సిమెంటు, దానిమీద నల్లటి ఆయిలు, మూలన ఒక మురుగు కాలువ. కొన్ని శుక్రవారాలు చెంబు సైకిలు బుట్టలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లాను, దారిలో సగం ఒలికిపోయేది. అప్పుడు తోచింది. ఎవరి కాలూ పడని చోటు బండి కడుపు. రెండో నంబరు వ్యాను మూడింట్లోకీ పాతది, ఎప్పుడూ ఏదో ఒక జబ్బుతో ఉండేది. ఇంట్లో నలతగా ఉన్న పిల్లకే కదా మొదట తీర్థం ఇస్తాం. ఇంజన్ మీది ముందు సీటు ఎత్తి, రేడియేటర్ మూత తీసి, ఆ నీళ్లు అందులో పోశాను. అక్షతలతో సహా. ఎంత తృప్తిగా ఇంటికి వెళ్లానో ఆ వేళ.

అలా ఒక ఏడాదికి పైగా పోశాను.

రెండో నంబరు వ్యాను నడిపేది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. నాకన్నా ఆరేడేళ్లు పెద్ద. ప్లాంటులో కాంట్రాక్టు పనులు చేసి చేసి, చివరికి ఈ స్టీరింగు దగ్గర స్థిరపడ్డాడు. నన్ను చెల్లమ్మా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. మధ్యాహ్నం షెడ్డు మెట్టుమీద కూర్చుని చద్దన్నం డబ్బా తీసేవాడు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టి ఆయన భార్య కట్టిచ్చేది. ఛత్తీస్‌గఢ్ వాళ్లు దాన్నే బాసి అంటారు. తక్కిన ఇద్దరు డ్రైవర్లూ ఇక్కడి వాళ్లే, వాళ్లూ అదే తినేవాళ్లు, అయినా ఆయన్ని మాత్రం ఏడిపించేవాళ్లు. "ఆంధ్రా నుంచి వచ్చి మా బాసి తినేస్తున్నావు భయ్యా," అనేవాళ్లు. "మీరు పుట్టక ముందు నుంచి తింతన్నాం బాబూ, పేరే మీది," అనేవాడు ఆయన.

ఆ చలికాలం చివర ఒకరోజు ఆయన నా దగ్గరికొచ్చి, "చెల్లమ్మా, మన బండికి నీరసం వొచ్చినాది. వేడి ముల్లు సూడు, సివిక్ సెంటరు దాటేసరికి సగం దాటి పోతన్నాది," అన్నాడు.

"నీళ్లు నిండుగానే ఉన్నాయన్నా. పొద్దున్నే చూశాను."

"నీల్లున్నాయి. తిరగడం నేదు," అన్నాడు.

ఆ మాటకు నా తండ్రి కూతురిగా నేను వెంటనే చెయ్యవలసిన పని ఒకటే. నీళ్లు వంచేసి, రంగు చూసి, గొట్టాలు కడిగించడం. నేను ఏం చేశానంటే, మంగళవారం కూడా పూజ మొదలుపెట్టాను. బండి వేడెక్కిన కొద్దీ చెంబులో అక్షతలు పెరిగాయి. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావాలి. రాదు.

ఏప్రిల్ మొదట్లో, బడికి ఇంకా సెలవులు ఇవ్వని రోజుల్లో, మధ్యాహ్నం పిల్లల్ని ఇళ్లకు దింపుతుంటే ఆ వ్యాను నడిరోడ్డు మీద ఆగిపోయింది. ముందు భాగం నుంచి ఆవిరి చిమ్మింది. అన్న పిల్లలందరినీ దింపి, రోడ్డు పక్క నీడకు నడిపించి, లెక్క చూసుకుని, అప్పుడు వెనక్కి వచ్చాడట. మూత చల్లారే వరకు ఆగాలని ఆయనకు తెలుసు. కాని ఆవిరి ఆగకుండా వస్తోంది, ఇంజన్ కాలిపోతుందేమోనని భయపడ్డాడు. తడిగుడ్డ వేసి మూత కొంచెం తిప్పగానే అది ఎగిరిపోయింది. కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలెక్కింది.

పిల్లల్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ దయకు ఈ రోజుకీ చేతులు జోడిస్తాను. కాని ఇళ్లకు వెళ్లి ఆ పిల్లలు ఒక మాట చెప్పారు. పొగలో భాత్, అంటే అన్నం, వాసన వచ్చిందని, ఆకలేసిందని. పిల్లల మాటలని మొదట అందరూ నవ్వారు.

మర్నాడు రేడియేటర్ విప్పించి రిపేరుకు పంపారు. వెంట నన్ను పంపారు, అన్న చేతికి కట్టుతో ఇంటి దగ్గరున్నాడు. రిపేరు దుకాణం మిస్త్రీ ముసలాయన, మాటకారి. పై తొట్టికి వేసిన టంకం కరిగించి, తొట్టి ఊడదీసి లోపలికి తొంగిచూశాడు. తరువాత వేలితో కొంచెం తీసి నాకు చూపించాడు. తుప్పు రంగు ముద్ద. అందులో ఉబ్బి పగిలిన మెతుకులు.

"దీదీ, ఇంజన్ మే భాత్ కౌన్ పకాయా?" అన్నాడు. ఇంజన్‌లో అన్నం ఎవరు వండారని.

గొట్టాల మూతుల మీద గంజి అట్ట కట్టి ఉంది. ఆయన ఇనప పుల్ల తీసుకుని ఒక్కొక్క గొట్టంలో పొడుస్తూ, "సగం బోరు నీళ్ల సున్నం, సగం బియ్యం. మీ డ్రైవరు బాసి తింటాడా? డబ్బా కడిగిన నీళ్లు ఇందులోనే పోసుంటాడు. కుళాయి దాకా నడవడానికి బద్ధకం. ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను," అన్నాడు.

ఆయన తీసి పక్కన పడేసిన ముద్దలో ఒక నల్లటి పుల్ల కనిపించింది. ఆయనకు అది చెత్త. నాకు తెలుసు అది తులసి రెమ్మ అని. ఆయన టంకం కరిగించే దీపం వైపు తిరిగినప్పుడు నేను వంగి, ఆ పుల్ల తీసుకుని, కొంగులో ముడి వేసుకున్నాను.

చాలామంది తప్పు ఎక్కడ జరిగిందని అడిగితే చెంబు దగ్గర జరిగిందంటారు. నేను ఒప్పుకోను. చెంబు దగ్గర జరిగింది బుద్ధితక్కువ. తప్పు జరిగింది ఈ ముడి దగ్గర.

రెండు రోజులకు ఆఫీసులో పిలిచారు. బడి సెక్రటరీ హిందీలో మాట్లాడేవారు, నేను తెలుగులో రాస్తున్నాను. మిస్త్రీ చెప్పిన సంగతి అప్పటికే ఆయనకు చేరింది. అన్న కట్టుకట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు.

"డబ్బా కడిగిన నీళ్లు రేడియేటర్‌లో పోశావా లేదా?"

"లేదు సాబ్."

"మరి బియ్యం ఎలా వచ్చింది? ఎగిరి వచ్చిందా?"

అన్న నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. సెక్రటరీ కూడా నా వైపు తిరిగి, "మీరు పొద్దున చూసినప్పుడు నీళ్లు ఉన్నాయా అమ్మా?" అని మర్యాదగా అడిగారు.

"ఉన్నాయి సాబ్. నిండుగా ఉన్నాయి," అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే ఆ మాటను ఎన్నుకున్నాను.

"పిల్లల ప్రాణాలు," అన్నారు సెక్రటరీ. తల్లిదండ్రులు గేటు దగ్గరికి వచ్చి అడుగుతున్నారని, ఎవరో ఒకరిమీద చర్య తీసుకోక తప్పదని అన్నారు. అన్నను ఆ రోజే తీసేశారు. ఆయన మెట్లు దిగి, షెడ్డులోంచి తన డబ్బా, తువ్వాలు తీసుకుని, ఎడమ చేత్తో సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నేను దీపం పెట్టి, దొరికిపోకుండా కాపాడావు తండ్రీ అని దండం పెట్టుకున్నాను. ఈ జీవితంలో చాలా ప్రార్థనలు చేశాను, అర్థంలేనివీ చేశాను. అంత నీచమైనది ఇంకొకటి చెయ్యలేదు.

తరువాత మూడు వారాలు నాకు నేను చాలా చెప్పుకున్నాను. మిస్త్రీ సగం సున్నం అన్నాడు కదా, ఆ సగాన్ని పట్టుకుని కొన్నాళ్లు వేలాడాను. వేడి మూత తిప్పడం ఆయన పొరపాటే కదా అనుకున్నాను. పెద్ద బడిలో ఎక్కడో ఆయనకు పని దొరికే ఉంటుందనుకున్నాను. దొరకలేదు. బడుల గేట్ల దగ్గర వ్యాన్లు ఆపుకుని నిలబడే డ్రైవర్లు ఆయనకు బాసి డ్రైవర్ అని పేరు పెట్టారని మా షెడ్డులోనే విన్నాను. బండి ఇవ్వమని ఎక్కడికి వెళ్లినా, "ఇంజన్‌కి కూడా తినిపిస్తావా భయ్యా?" అని అడుగుతున్నారట. ముప్పై ఏళ్లు రెక్కల కష్టం మీద బతికిన మనిషికి ఆ పేరు మిగిలింది. అది విన్నాక చెంబు ముందు కూర్చోలేకపోయాను.

ఒక ఆదివారం పొద్దున్నే వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆయన గుమ్మంలో కూర్చుని ఎడమ చేత్తో మంచం నవారు బిగిస్తున్నాడు. కుడి చేతి మీద కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది. ఆయన భార్య నాకు మంచినీళ్లిచ్చి, పక్కనే నిలబడింది.

"ఒక్క మాట సెప్తాను వదినా, ఇను," అంది. "మా ఆయన డబ్బా రోజూ నాను తోముతాను. ఒక్క మెతుకు మిగల్చడు. ఆకలి తెలిసినోడు మెతుకులు పారబోత్తాడేటి? ఆ మాట ఒక్కలూ అడగనేదు."

నేను అప్పుడు చెప్పాను. చెంబు, అక్షతలు, శుక్రవారాలు, మంగళవారాలు, కొంగులో ముడి, అన్నీ. నేల చూస్తూ చెప్పాను. ఆవిడ చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. అన్న నవారు లాగుతూనే ఉన్నాడు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసన్నా?"

"సుక్కరవారం సుక్కరవారం మూత కాడ బియ్యపు గింజలు కనిపించీవి. పిచికలు తెచ్చినాయేమో అనుకున్నాను. తరవాత నీ సెంబు సూసినాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"పూజ నీల్లు. ఆడకూతురివి, దండం పెట్టుకుంటన్నావు. ఎలాగ సెప్పీది? నాలుగు గింజలకి ఏటవుతాదిలే అనుకున్నాను. నాదీ బుద్ధితక్కువే."

"ఆఫీసులో అయినా చెప్పొచ్చు కదా. అంత మాట పడ్డావు."

ఆయన నవారు వదిలేసి నా ముఖంలోకి చూశాడు. "నువ్వు సెప్తావనుకున్నాను," అన్నాడు.

ఆయన భార్య లోపలికి వెళ్లిపోయింది. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆయనకు అది నచ్చలేదు.

"ఇక్కడ ఏడిస్తే ఏటి లాభం? నాకు తెలిసిందే నాకు సెప్తన్నావు. తెలీనోల్లకి సెప్పు, పో."

సోమవారం సెక్రటరీ దగ్గరికి వెళ్లి చెప్పాను. నా ఉద్యోగం పోతుందని సిద్ధపడే వెళ్లాను. ఆయన మొదట అర్థంకానట్టు చూశారు, తరువాత కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "దేవుడి పని చేస్తూ జరిగింది. మీలాంటి భక్తురాలిని నేను ఏమనగలను? ఇకమీద చెట్టుకు పొయ్యండి," అన్నారు.

"ఆయన్ని తిరిగి తీసుకోండి సాబ్."

"కొత్త డ్రైవరు వచ్చేశాడు కదమ్మా. కమిటీ నిర్ణయం. అది అయిపోయిన విషయం."

అదే బియ్యం. ఆయన డబ్బాలోంచి వచ్చిందనుకున్నంత సేపూ పిల్లల ప్రాణాలు తీసే నిర్లక్ష్యం. నా చెంబులోంచి వచ్చిందని తెలియగానే భక్తి, నవ్వుకునే సంగతి. నేను ఆ గదిలోనే, అయితే నన్నూ తీసెయ్యండి అనాలి. అనుకున్నాను కూడా. నోటిదాకా వచ్చింది. రాజీనామా ఇవ్వలేదు. ఇంటి అవసరాలు ఉన్నాయి, అవి అందరికీ ఉంటాయి, ఆయనకూ ఉన్నాయి. కుర్రవాళ్లారా, ఈ ఒక్కచోట నన్ను జాగ్రత్తగా గమనించండి.

ఆ మధ్యాహ్నం బడి వదిలే వేళ, గేటు ముందు వ్యాన్ల వరసలో డ్రైవర్లు గుంపుగా ఉన్నప్పుడు వెళ్లి చెప్పాను. నా హిందీ అంతంతమాత్రం. రేడియేటర్‌లో బియ్యం పోసింది నేను, ఆయన కాదు, మిస్త్రీ దగ్గర తులసి పుల్ల దాచిందీ నేనే, ఆఫీసులో నోరు మూసుకున్నదీ నేనే. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మొదటిసారి ఎవరూ నమ్మలేదు. తరువాత ఒకతను పగలబడి నవ్వి, "దీదీ, ఇంత నైవేద్యం వండారు, మాకు ప్రసాదం పంచలేదేం?" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక ముసలి డ్రైవరు మాత్రం నవ్వకుండా, "మూడు వారాలు మేం ఆ మనిషిని ఏమేం అన్నామో మీకు తెలుసా?" అని అడిగాడు. తెలుసు అన్నాను. "తెలిసీ ఊరుకున్నారా?" అన్నాడు.

వర్షాలు పడే లోపల అన్నకు వైశాలి నగర్‌లో ఒక ఆసుపత్రి పాత వ్యాను దొరికింది. ఆ ముసలి డ్రైవరే చెప్పి పెట్టించాడట. జీతం బడికన్నా మేలో కాదో నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. రెండో నంబరు వ్యానుకు ఆ తరువాత నా చేతనైనంత చేశాను. మూడు నెలలకోసారి నీళ్లు వంచేసి కడగడం, వడగట్టిన నీళ్లే పోయడం, ముల్లు కొంచెం లేచినా బండి బయటికి పంపకపోవడం. మీ బండ్లకూ ఇది చెయ్యండి. పాత బండి చెప్పే మాట మొదట్లో చిన్నగానే ఉంటుంది, వినేవాళ్లు ఉంటే అక్కడే ఆగుతుంది. పూజ మానలేదు. చెంబు నీళ్లు మాత్రం బడి వెనక వేపమొక్క దాకా నడిచివెళ్లి పోసేదాన్ని. నూరు అడుగులు కూడా లేదు ఆ దూరం.

మరుసటి ఏడాది ఎండాకాలంలో, బజారుకు వెళ్లి వస్తుంటే రోడ్డు పక్కన ఆ ఆసుపత్రి వ్యాను ఆగి ఉంది. అన్న ముందు సీటు ఎత్తి, మూత ముట్టుకోకుండా, చల్లారే దాకా నీడలో నిలబడ్డాడు. నేను సైకిలు దిగాను. ఏమైందని అడిగాను. పైపు కొంచెం కారుతోంది, నీళ్లు తగ్గాయన్నాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాను. బాగున్నారన్నాడు. నా సంచిలో తాగడానికి తెచ్చుకున్న నీళ్ల సీసా ఉంది, మూత కూడా విప్పలేదు. తీసి ఇచ్చాను.

ఆయన కాదనలేదు. గుడ్డ వేసి, మెల్లగా తిప్పి, రేడియేటర్ మూత తీశాడు. సీసా మూత విప్పాడు. పొయ్యబోయి ఆగి, సీసాను ఎండకు ఎత్తి పట్టుకుని, అడుగు దాకా చూశాడు. అందులో నీళ్లు తప్ప ఏమీ లేవు. కొంచెం కదిపి ఇంకోసారి చూసి, అప్పుడు పోశాడు.